క్లాసులు నడుస్తున్నాయి కదా!

"క్లాసులు నడుస్తున్నాయి కదా మాస్టారూ, ఇంకేంటి?"

పదకొండేళ్లుగా ఈ మాట వింటున్నాను. ప్రిన్సిపాల్ గదిలో విన్నాను, కమిటీ మీటింగులో విన్నాను, ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టు సంగతి అడుగుదామని వెళ్లిన ఆఫీసు వరండాలో విన్నాను. ఆ మాట అన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. గొంతు పెంచలేదు, తిట్టలేదు. కొందరు కూర్చోబెట్టి టీ ఇప్పించారు. టీ తాగాను, బయటికొచ్చాను, బస్సెక్కాను. పోస్టు ఖాళీగానే ఉంది. మర్నాడు ఆ పోస్టు తాలూకు క్లాసు మాత్రం నేనే చెప్పాను.

అరిచినవాడి మీద కోపం వస్తే తిరిగి అరిచి చల్లార్చుకోవచ్చు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నవాడి మీద వచ్చిన కోపాన్ని ఏం చేసుకోవాలి? అది లోపలే మగ్గుతుంది. ఇన్నేళ్లు మగ్గింది చాలు. ఇవాళ రాస్తున్నాను.

నేను ఒడిశాలోని రాయగడలో పుట్టాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. చిన్నబడి తెలుగులో, పెద్దబడి ఒడియాలో, ఎమ్మే చరిత్ర విశాఖపట్నంలో. అధ్యాపక అర్హత పరీక్ష నెట్ పాసయ్యాను. సోమ, బుధ, శుక్రవారాలు రాయగడలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని. మంగళ, గురువారాలు కొరాపుట్ వైపు ఇంకో కాలేజీ. సాయంత్రాలు తెలుగు పిల్లలకు ట్యూషన్. ఆదివారం పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో నాలుగు గంటలు నిలబడి మొగలుల నుంచి మౌంట్‌బాటన్ దాకా చెప్తాను. శనివారం ఎక్కడ ఎవరు సెలవు పెడితే అక్కడికి. వారంలో నాకంటూ ఒక పూట లేదు, నాదంటూ ఒక కుర్చీ ఏ స్టాఫ్‌రూములోనూ లేదు.

తెల్లవారుజామున రాయగడలో బండి ఎక్కితే టికిరి, లక్ష్మీపూర్ రోడ్, దమంజోడి మీదుగా కొండలు తొలుచుకుంటూ కొరాపుట్ వెళ్తుంది. దారి పొడవునా సొరంగాలు. ఒక సొరంగం దాటి ఇంకో సొరంగంలోకి వెళ్లేలోపు సెల్లుకు సిగ్నల్ వస్తుంది. ఆ కాస్త వ్యవధిలోనే కోచింగ్ సెంటరుకు జవాబు పెట్టాలి, ట్యూషన్ పిల్లల తల్లికి టైము చెప్పాలి, పర్మినెంటు పోస్టుల నోటిఫికేషన్ ఏమైనా పడిందేమో చూసుకోవాలి. కిటికీలోంచి ఆ లోయల అందం చూడమని అందరూ అంటారు. చూడబుద్ధి కాదు. బండి ఆలస్యమైతే నా మొదటి పీరియడ్ పోతుంది, దాని డబ్బూ పోతుంది. కళ్లు ఎప్పుడూ గడియారం మీదే ఉంటాయి.

నా సంచీలో ఒక రూళ్ల నోటుపుస్తకం ఉంటుంది. తేదీ, క్లాసు, పీరియడ్, చెప్పిన పాఠం, చివరి గడిలో హెచ్‌ఓడీ సంతకం. నెలాఖరున ఆ సంతకాలు లెక్కపెట్టి బిల్లు రాసి క్లర్కుకు ఇస్తాను. సంతకం ఉన్న గడికి రెండు వందల యాభై. సంతకం లేని గడికి ఏమీ లేదు. పాఠం తయారు చేసుకున్న రాత్రికి గడి లేదు. పేపర్లు దిద్దిన ఆదివారం సాయంత్రానికి గడి లేదు. చదువు మానేస్తానన్న పిల్లవాడిని వరండాలో గంటసేపు కూర్చోబెట్టి నచ్చజెప్పినదానికి గడి లేదు. గడిలో పట్టేదే పని, పట్టనిది పని కాదు.

ఒక సెప్టెంబర్ 5న కాలేజీలో సభ పెట్టారు. పిల్లలు చందాలేసుకుని బంతిపూల దండలు తెచ్చారు. రెగ్యులర్ వాళ్లతో పాటు మమ్మల్నీ వేదిక మీదికి పిలిచారు. రాధాకృష్ణన్ గారి పటం ముందు దీపం వెలిగించి, మెడలో దండలు వేసి, వరసగా వచ్చి కాళ్లకు దండం పెట్టారు. ఆ పిల్లల ప్రేమలో కల్మషం లేదు. ఆ రోజు నా కళ్లు చెమ్మగిల్లిన మాట నిజం. నెలాఖరున పుస్తకం తీసుకెళ్తే, ఆ తేదీ మీద నాలుగు గడులనూ కలిపి ఎర్రసిరాతో ఒక అడ్డగీత కొట్టి ఉంది. "ఆ రోజు క్లాసు జరగలేదు కదా మాస్టారూ, సభ కదా" అన్నాడు క్లర్కు. అతని తప్పేం లేదు. రూలు అంతే. గురువుల దినం నాడు గురువుకు కూలి లేదు.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ పేజీ చూసినప్పుడల్లా నాలుగు పీరియడ్ల డబ్బు గుర్తుకురాదు. దండ వేసిన చేతులూ గీత కొట్టిన చేయీ ఒకే గేటులోపల ఉన్నాయన్నది గుర్తుకొస్తుంది.

బతకలేక బడిపంతులు అన్నారు వెనకటికి. అప్పటి పంతులుకు కనీసం ఒక బడి ఉండేది. ఇప్పుడు నాలుగుచోట్ల పంతులుగిరీ చేసినా బతుకు వెళ్లడం లేదు. మేస్త్రీకి దినకూలి, మాకు గంటకూలి. దసరా సెలవులంటే ఊరంతా సంబరం, మాకు కోత. మే, జూన్ నెలలు వస్తే కాలేజీకి తాళం, మా ఇంట్లో అప్పు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, జబ్బు సెలవు లేదు. మలేరియా మా కొండల జ్వరం. మందులైనా ఆసుపత్రిలో దొరుకుతాయి గాని, వారం మంచం మీద పడుకుంటే పోయిన వారం కూలి ఎక్కడ దొరుకుతుంది? మా అమ్మ ప్రతి కొత్త అకడమిక్ ఇయర్ మొదట్లో ఒకటే అడుగుతుంది: "ఏటిరా, ఈపాలైనా పెర్మనెంటు అవుద్దా?" ఆవిడకు జవాబు చెప్పలేక రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరడం అలవాటు చేసుకున్నాను.

ఇది నా ఒక్కడి గోడు అయితే కాగితం ఖరాబు చేసేవాణ్ని కాను. కొరాపుట్, జయపూర్, సునాబెడ, రాయగడ, గుణుపూర్ బస్టాండుల్లో ఉదయం ఏడింటికి నిలబడి చూడండి. భుజాన సంచీ, చేతిలో టిఫిను డబ్బా, ఇస్త్రీ చొక్కా, అరిగిన చెప్పులు. వాళ్లలో ఎంతమంది మావాళ్లో మీకే తెలుస్తుంది. ఒకరు ఫిజిక్స్, ఒకరు ఒడియా, ఒకరు లెక్కలు. కలిస్తే మేం ఒకరినొకరు అడిగే మొదటి మాట "బాగున్నారా" కాదు, "పోయిన నెలది పడిందా?" అనేదే.

ఈ నేల మీద చదువుకు విలువ ఇచ్చినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. కొరాపుట్ జిల్లాలోని జయపూర్ సంస్థానాధీశుడు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. ఆ విశ్వవిద్యాలయంలో సైన్సు కాలేజీకి జయపూర్ విక్రమదేవుని పేరే పెట్టారు. రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా వైస్ చాన్సలర్‌గా ఉన్నది ఆ విశ్వవిద్యాలయంలోనే. నేను ఎమ్మే చదివిందీ అక్కడే. ఈ కొండల డబ్బు సముద్రపు ఒడ్డున ఒక చదువుల గుడి కట్టడానికి సాయపడింది. ఆ గుడిలో చదువుకుని తిరిగి ఈ కొండలకే పాఠం చెప్పడానికి వచ్చినవాడికి ఇక్కడ ఒక కుర్చీ లేదు.

ఇంకా వెనక్కి వెళ్తాను. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో పక్కనే ఉన్న పర్లాకిమిడిలో రాజావారి బడిలో ముప్ఫై రూపాయల జీతం మీద చేరారు. చరిత్ర చెప్పే మాస్టారుగానే చేరారు. ఆ ఊళ్లోనే 1911 దాకా పాఠాలు చెప్పారు. ఆ ముప్ఫై ఏళ్లలో సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకు సొంత డబ్బుతో బళ్లు పెట్టారు, ఆ బళ్లలో పంతుళ్లకు జీతాలిచ్చారు, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆయన పుట్టినరోజును, ఆగస్టు 29ని, తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఒక్క సంగతి ఆలోచించాలి. నెలనెలా జీతం వచ్చే ఒక ఉద్యోగం, ఒకే ఊళ్లో స్థిరంగా ఉండే వీలు లేకపోతే, ఆ మనిషి మేధ ఎంత గొప్పదైనా ఆ పని పూర్తయ్యేదా? మంగళవారం ఒక ఊరు, బుధవారం ఇంకో ఊరు తిరుగుతూ, గడికింత అని లెక్కపెట్టుకుంటూ ఉంటే సవరగూడెంలో కూర్చుని ఒక్కో మాటా రాసుకునే తీరిక దొరికేదా?

ఇవాళ ఈ జిల్లాల్లో కూడా కువి, పరజ, గదబ భాషలు నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల మాటలోనే చరిత్ర విప్పి చెప్పాలని ఆశపడే కుర్ర మాస్టర్లు ఉన్నారు. వాళ్ల ఆశ బస్సు టికెట్ల దగ్గరే అయిపోతోంది. పోస్టు ఖాళీగా ఉంచి ఖజానాకు ఎంత మిగిల్చారో లెక్క రాసుకుంటారు. ఆ ఖాళీలో ఎన్ని పుస్తకాలు పుట్టకుండా పోయాయో లెక్క ఎవరు రాస్తారు?

రూళ్లు లేవా? ఉన్నాయి. యూజీసీ 2018 నిబంధనల్లో స్పష్టంగా రాసింది: కాంట్రాక్టు అధ్యాపకులను తప్పనిసరి అయితేనే పెట్టుకోవాలి, వాళ్ల సంఖ్య మొత్తం పోస్టుల్లో పది శాతం దాటకూడదు, వాళ్లకిచ్చేది రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గకూడదు. 2019 జనవరిలో అదే యూజీసీ గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చరుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వవచ్చంది. అది పైకప్పు, నేల కాదు. ఇంతకు మించవద్దన్నారు తప్ప ఇంతకు తగ్గవద్దని అనలేదు. అందుకే మా చిన్న కాలేజీల్లో ఆ 1,500 రూపాయల అంకె మేం కాగితం మీద చదువుకోవడానికే పనికొస్తుంది. 2025 జనవరిలో కొత్త నిబంధనల ముసాయిదా వస్తే, ఆ పది శాతం పరిమితే అందులో లేదు. ఉన్న ఒక్క అడ్డుకట్టనూ తీసేద్దామన్నారు.

కోర్టులు చెప్పలేదా? చెప్పాయి. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో పంజాబ్ కేసులో తేల్చింది. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసు వచ్చింది. నెలకు 30,000 రూపాయలతో నెట్టుకొస్తున్న వాళ్లను చూసి, సభల్లో గురువును దేవుడంటూ శ్లోకాలు చదివితే చాలదు, ఆ మాట మీద నమ్మకం ఉంటే గురువును చూసే తీరులో అది కనిపించాలి అన్నది న్యాయస్థానం. ఆ వార్త చదివిన రాత్రి నా ఎర్రగీత పేజీ తీసి మళ్లీ చూసుకున్నాను. ఢిల్లీలో కూర్చున్న న్యాయమూర్తులకు అర్థమైన సంగతి మా ఊరి గేటు లోపల ఉన్నవాళ్లకు అర్థం కాలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 2022 అక్టోబరులో ఒడిశా ప్రభుత్వం కాంట్రాక్టు నియామకాల పద్ధతినే ఎత్తేస్తున్నామని ప్రకటించింది. 57,000 మందికి పైగా రెగ్యులర్ అయ్యారు. 2023లో తెలంగాణ 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. వాళ్లలో సగానికి పైగా జూనియర్ లెక్చరర్లే. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది కాంట్రాక్టు ఉద్యోగుల కోసం చట్టం చేసింది. ఆ ఇళ్లల్లో దీపం వెలిగింది, సంతోషం. అయితే ఆ వెలుతురు మా గడప దాకా రాలేదు. కాంట్రాక్టువాడికి కనీసం ఒక కాగితం ఉంటుంది. గెస్ట్‌కు కాగితం కూడా ఉండదు. ఏటా జూలైలో ఒక ఫోన్ కాల్ వస్తుంది, "సార్, ఈ ఏడు కూడా వస్తారా?" అని. ఆ కాలే మా నియామక పత్రం. అది రాకపోతే అదే మా డిస్మిసల్ ఆర్డరు. పదకొండేళ్లు ఒకే గదిలో అదే పాఠం చెప్పినవాణ్ని అతిథి అని ఏ భాషలో అంటారు? మన తెలుగిళ్లలో అతిథి వస్తే కాళ్లకు నీళ్లిచ్చి, ముందు అన్నం పెట్టి, తరవాత మనం తింటాం. అంత మంచి మాటను తెచ్చి అన్నం పెట్టకుండా పని చేయించుకోవడానికి వాడుకున్నారు.

కొరాపుట్‌కు పెద్ద చదువు రాలేదా? వచ్చింది. 2009లో సునాబెడలో కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టారు. మేం పండగ చేసుకున్నాం. జయపూర్లో 1947 నాటి విక్రమదేవ్ కాలేజీ ఇప్పుడు విశ్వవిద్యాలయమైంది. బోర్డులు మారాయి, గేట్లు పెద్దవయ్యాయి. అయితే కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే ఏళ్ల తరబడి తరగతులు గెస్టుల, కాంట్రాక్టువాళ్ల భుజాల మీద నడిచాయంటే, కొండ మూల ఉన్న చిన్న ప్రైవేటు కాలేజీ గతి ఏమిటో ఊహించుకోండి.

తెలుగువాడి కష్టం ఇంకో మెట్టు కిందుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు విశాఖ జిల్లా ఏజెన్సీలో ఉన్న ఈ ప్రాంతం ఇటు వచ్చింది. మనుషులు కదల్లేదు, గీత కదిలింది. భాష పోకుండా 1949లోనే విద్యామంత్రుల సమావేశం ఒక మాట అనుకుంది: బడిలో నలభై మంది గాని, ఒక తరగతిలో పది మంది గాని ఒక భాష పిల్లలుంటే ఆ భాష టీచరును వేయాలి. 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చి తల్లిభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించమన్నారు. నేను అక్షరాలు దిద్దిన బడిలో మా తెలుగు మాస్టారు రిటైరైన రోజు నాకు బాగా గుర్తు. ఆయన కుర్చీ చాలాకాలం అలాగే ఉంది. తరవాత కుర్చీ కూడా తీసేశారు. పిల్లలు తగ్గిపోయారంటారు. చెప్పేవాడు లేని బడికి పిల్లలు ఎందుకు వస్తారు? టీచరును వేయకుండా పిల్లలు తగ్గేదాకా చూసి, పిల్లలు తగ్గారు గనుక టీచరు అక్కర్లేదని తేల్చడాన్ని ఏమనాలి? అందుకే ఆ పిల్లలు సాయంత్రం నా ఇంటి వసారాలో చాప మీద కూర్చుని గుణింతాలు దిద్దుతున్నారు. రాజ్యాంగం చేయాల్సిన పని నెలకు తలకు రెండు వందల ట్యూషన్ ఫీజు మీద నడుస్తోంది.

పోనీ, ఆ ఒడ్డుకు వెళ్దామంటే, ఆంధ్రప్రదేశ్లో నేను నాన్‌లోకల్. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం బడి చదువు ఎక్కడ సాగిందో అక్కడివాడే లోకల్. నా బడి చదువు రాయగడలో. ఇక్కడ ఉద్యోగానికి ఒడియా పాసై ఉండాలి. పాసయ్యాను, న్యాయమే. అయినా ఇంటర్వ్యూలో నా ఇంటిపేరు చూసి "మీరు ఆంధ్రావాళ్లు కదా" అన్నవారున్నారు. ఈ ఒడ్డు నాది కాదంటుంది, ఆ ఒడ్డు నాది కాదంటుంది. నాగావళి మధ్యలో నిలబడ్డట్టుంది మా బతుకు.

అర్హత ఉంటే ఉద్యోగం అదే వస్తుందంటారు. అర్హత అనే గీత ఎన్నిసార్లు జరిగిందో అడగండి. యూనివర్సిటీ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి అన్నారు. 2021 నుంచి అమలన్నారు, 2023కు వాయిదా వేశారు. ఆ మాట నమ్మి చేతిలో ఉన్న పీరియడ్లు వదిలి, అప్పు చేసి పీహెచ్‌డీలో చేరినవాళ్లున్నారు. 2023 జూన్ 30న నోటిఫికేషన్ వచ్చింది: నెట్, సెట్ చాలు, పీహెచ్‌డీ ఐచ్ఛికం. మరుసటి ఏడు 2024 జూన్ 18న తొమ్మిది లక్షల మందికి పైగా నెట్ రాశారు. 19న ఆ పరీక్ష రద్దన్నారు. మా కాలేజీలో ఇంకో గెస్ట్ అమ్మాయి రెండు రోజుల ట్యూషన్లు మానుకుని, చంటిపిల్లను అత్తగారి దగ్గర వదిలి వెళ్లి రాసి వచ్చింది. తిరుగు బస్సు దిగేసరికి రద్దు వార్త. ఆ అమ్మాయి ఏడవలేదు. "రేపు పొద్దున్నే ట్యూషన్ ఉంది మాస్టారూ" అని వెళ్లిపోయింది. ఆ ఏడవకపోవడం చూసి నాకు భయం వేసింది.

ఇది మా ఒక్కచోటి రోగం కాదని తెలుసు. అమెరికాలో ఇలాంటివాళ్లను అడ్జంక్ట్‌లంటారు. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి కారు తోలుకుంటూ తిరిగేవాళ్లకు ఫ్రీవే ఫ్లయర్లని పేరే పెట్టారు. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దాదాపు 48,000 మంది బోధనా, పరిశోధనా సిబ్బంది సమ్మెకు దిగి వేతనాలు పెంచుకున్నారు. వాళ్లు క్లాసులు ఆపగలిగారు. మేం ఎందుకు ఆపలేకపోతున్నాం?

అసలు బాధ ఇక్కడుంది. పోస్టు ఖాళీ అని పైవాళ్లకు తెలియాలంటే క్లాసు ఆగాలి. క్లాసు ఆగితే ఎవరు నష్టపోతారు? కాశీపూర్ నుంచి, బిస్సంకటక్ నుంచి, నారాయణపట్న నుంచి, దశమంతపూర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి, తమ ఇంట్లోనే మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లలు. వాళ్లకు ఇంట్లో చెప్పేవాళ్లు లేరు, ట్యూషన్‌కు డబ్బు లేదు. ఆ గదిలో మేం చెప్పే నలభై ఐదు నిమిషాలే వాళ్ల చదువు. ఆ ముఖాలు చూసి క్లాసు ఆపలేం. ఆపలేం గనుక నడుస్తుంది. నడుస్తుంది గనుక పోస్టు భర్తీ కాదు. మా బాధ్యతే మాకు ఉరితాడైంది. మేం ఎంత బాగా పని చేస్తే, ఆ ఖాళీ అంత బాగా దాగిపోతోంది. ఇది పైన కూర్చున్నవాళ్లకు తెలియక కాదు. తెలిసే, దాని మీదే ఆధారపడి నడుపుతున్నారు.

దాని ఫలితం చివరికి ఆ పిల్లల మీదే పడుతుంది. ఒక కోదు అమ్మాయి, చరిత్ర ఆనర్స్. మొదటి ఏడు చివర్లో అడిగింది, "సార్, ఫైనల్ ఇయర్ దాకా మీరే ఉంటారా?" అని. ఉంటానని చెప్పే హక్కు నాకు లేదు. చూద్దాంలే అన్నాను. మూడేళ్లూ నా అదృష్టం కొద్దీ ఫోన్ కాల్ వచ్చింది, నేనే చెప్పాను. పీజీ అడ్మిషన్‌కు సిఫారసు లేఖ కావాలని వచ్చింది. కూర్చుని ఒక పేజీ నిండా మనసుపెట్టి రాశాను. ఆఫీసులో "గెస్ట్ సంతకం చెల్లదు" అన్నారు. ఆ పిల్లను ఒక్క రోజూ క్లాసులో చూడని రెగ్యులర్ సార్ చేత సంతకం పెట్టించారు. ఆయన ముద్ర పడింది, నా పేరు పోయింది. బయటికొచ్చి ఆ అమ్మాయి తల దించుకుని "క్షమించండి సార్" అంది. ఆ క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పాలి?

డబ్బు లేదంటారు. కొత్త గేటుకు, ఏటా సభలకు, బోర్డుల రంగులకు దొరికే డబ్బు క్లాసులో నిలబడే మనిషి దగ్గరికొచ్చేసరికి ఎందుకు అయిపోతుంది? కోర్టు కేసులంటారు. కేసు తేలేదాకా ఇచ్చే జీతమైనా మనిషి బతికేటట్టు ఇవ్వడానికి ఏ కోర్టు అడ్డం వచ్చింది? రిజర్వేషన్ల రోస్టర్ తేలలేదంటారు. రోస్టర్ తేల్చే పని కూడా మేమే పీరియడ్ లెక్కన చేయాలా?

అడిగేది ఆకాశంలో చందమామను కాదు. ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద ఏ సబ్జెక్టుకు ఎన్ని పోస్టులు మంజూరయ్యాయో, ఎన్ని ఖాళీనో, ఎన్నేళ్లుగా ఖాళీనో రాసి అంటించండి. జీతం గంట లెక్కన కాదు, పన్నెండు నెలలకూ ఇవ్వండి. రెగ్యులర్ మనిషి కనీస స్కేలుకు తగ్గనివ్వకండి. సుప్రీంకోర్టు చెప్పింది అదే. మేం చెప్పిన ఏళ్లను సర్వీసుగా లెక్కలోకి తీసుకోండి, అనుభవ పత్రం ఇవ్వడానికి ఏడిపించకండి. తెలుగు పిల్లలున్న బడిలో తెలుగు టీచరును, కువి పిల్లలున్న బడిలో కువి వచ్చిన టీచరును, పర్మినెంటు పోస్టులోనే వేయండి. భర్తీకి ఒక తేదీ చెప్పండి, ఆ తేదీకి నిలబడండి.

తల్లిదండ్రులకు ఒక మాట. కాలేజీ ఎంత పెద్దదో, బస్సు ఉందో లేదో అడుగుతారు. ఈసారి ఇంకొకటి అడగండి: "మా పిల్లకు పాఠం చెప్పే సార్‌కు వచ్చే ఏడు ఇక్కడ ఉద్యోగం ఉంటుందా?" ఆ ప్రశ్న మేం అడిగితే ఫైలు మూస్తారు. ఫీజు కట్టే మీరు అడిగితే జవాబు చెప్పక తప్పదు.

మళ్లీ సెప్టెంబర్ 5 వస్తుంది. పిల్లలు చందాలేసుకుని బంతిపూలు తెస్తారు. ఆ పిల్లలను ఏమీ అనను, వంగి దండ వేయించుకుంటాను. వేదిక మీద కూర్చునే పెద్దలకు మాత్రం ఇప్పుడే చెప్తున్నాను. మీ పొగడ్తలు నాకు అక్కర్లేదు. ఆ రోజు తాలూకు నాలుగు గడుల్లో సంతకం పెట్టండి.